ఒకే అడ్రినల్ గ్రంథిలో రెండు గడ్డలు: ఆపరేషన్ అయ్యాక అక్కకు ఈ నీరసం ఎందుకు?

ప్రశ్న: మా అక్కయ్యకు 47 ఏళ్లు. నాలుగేళ్లుగా బీపీ, రెండేళ్లుగా షుగర్ ఉన్నాయి. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి గుండె దడ, తలనొప్పి, ఒళ్లంతా చెమటలు వచ్చేవి. చాలాకాలం టెన్షన్ వల్లే అన్నారు. చివరికి స్కాన్ తీస్తే ఎడమ అడ్రినల్ గ్రంథిలో 4.5 సెం.మీ. గడ్డ కనిపించింది. రక్తపరీక్షలో అది ఫియోక్రోమోసైటోమా, అంటే అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అతిగా వదిలే గడ్డ అని తేలింది. రెండు వారాలు మందులు వాడించి, లాప్రోస్కోపీతో ఆ గ్రంథి మొత్తం తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పటికి మూడు వారాలైంది. దడ, చెమటలు పూర్తిగా పోయాయి. కానీ అక్క మంచం దిగడం లేదు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, వికారం, ఏమీ తినాలనిపించడం లేదు, కీళ్ల నొప్పులు. పెద్ద ఆపరేషన్ కదా, కొన్నాళ్లు అలాగే ఉంటుందని ఇంట్లో అందరూ అంటున్నారు. నిన్న బయాప్సీ రిపోర్టు వచ్చింది. అందులో ఫియోక్రోమోసైటోమా ఒకటి, దాన్ని ఆనుకునే అడ్రినల్ కార్టికల్ అడినోమా ఇంకొకటి, రెండూ వేర్వేరు ట్యూమర్లు అని రాశారు. ఒకదాని నుంచి ఇంకొకటి పాకిందా? ఇది క్యాన్సరా? అక్క పిల్లలకు, నాకు కూడా వస్తుందా?

సమాధానం: మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటి వాటికంటే అర్జెంటు. అక్కయ్యకు ఇంత నీరసం ఎందుకు? ఇది కేవలం ఆపరేషన్ బడలిక అని నాకు అనిపించడం లేదు. నిలబడితే కళ్లు తిరగడం, వికారం, ఆకలి చచ్చిపోవడం, కీళ్ల నొప్పులు... ఇవన్నీ కలిపి చూస్తే, పైగా ఆ రిపోర్టులో కార్టికల్ అడినోమా అన్న మాట చూస్తే, ఆవిడ ఒంట్లో కార్టిసాల్, అంటే బీపీని, షుగర్‌ను నిలబెట్టే అడ్రినల్ హార్మోన్, బాగా తగ్గిపోయిందేమో అని గట్టి అనుమానం వస్తోంది. నేను ఆవిడను చూడలేదు, కాబట్టి ఖాయం చేయాల్సింది పరీక్షే. ఆ పరీక్ష రేపు ఉదయమే జరగాలి. ఈలోగా వాంతులు మొదలైనా, జ్వరం వచ్చినా, మగతగా పడి ఉన్నా, బీపీ పై అంకె 90 కంటే కిందికి వచ్చినా రేపటిదాకా ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడి డాక్టర్‌తో మొదటి మాటగా, 'మూడు వారాల కింద అడ్రినల్ గ్రంథి తీసేశారు, కార్టిసాల్ తగ్గిందేమోనని అనుమానం' అని చెప్పండి. అలాంటి స్థితిలో రక్తం తీసుకుని, రిజల్ట్ కోసం చూడకుండా వెంటనే హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలోని కార్టిసాల్) ఇంజెక్షన్, సెలైన్ ఇస్తారు. అనుమానం తప్పని తర్వాత తేలినా ఆ ఒక్క డోసు వల్ల పెద్ద నష్టం ఉండదు. అనుమానం నిజమై మందు ఆలస్యమైతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

పరిస్థితి అంత దూరం రాకపోతే, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తంలో కార్టిసాల్ చూడాలి. దాంతోపాటు సోడియం, పొటాషియం, గ్లూకోజ్ కూడా. ఆ వేళ కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం దాదాపు ఖాయం. 15 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్ చేత కార్టిసాల్ చేయించే పిట్యూటరీ హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి గ్రంథి ఎంతవరకు స్పందిస్తుందో చూసే పరీక్ష ఒకటుంది. ఈ పరీక్షల రిపోర్టు చేతికి వచ్చాక మీ సర్జన్‌తో పాటు హార్మోన్ల డాక్టర్ అయిన ఎండోక్రినాలజిస్ట్‌ను కూడా కలవండి.

ఇంకో పని ఇవాళే చేయండి. అక్కయ్య మందుల డబ్బా తెరిచి, ఏమేం వేసుకుంటున్నారో ఒక్కొక్క స్ట్రిప్పూ తీసి చూడండి. ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన ఆల్ఫా బ్లాకర్ (రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గించే మందు), అంటే ప్రాజోసిన్, డాక్సాజోసిన్ లాంటివి, ఇంకా నడుస్తోందా? పాత బీపీ మాత్రలు అలాగే ఉన్నాయా? షుగర్ మాత్రలు పాత డోసులోనే ఉన్నాయా? బీపీని, షుగర్‌ను పెంచుతున్న గడ్డలు రెండూ ఒంట్లోంచి వెళ్లిపోయాయి. మందులు మాత్రం పాత లెక్కలోనే పడుతుంటే బీపీ, షుగర్ రెండూ అవసరానికి మించి దిగిపోతాయి. ఆ కళ్లు తిరగడంలో వీటి వాటా కూడా ఉండొచ్చు. వేటినీ మీ అంతట మీరు ఆపొద్దు. ముఖ్యంగా గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ లాంటివి ఒక్కసారిగా మానేయకూడదు. కానీ ఆ జాబితాను, ఇంట్లో పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి కొలిచిన బీపీని, వేలి నుంచి చూసిన షుగర్‌ను రాసుకుని ఫోన్‌లోనైనా ఇవాళే డాక్టర్‌కు చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను. అడ్రినల్ గ్రంథులు రెండు. మూత్రపిండాల మీద ఒక్కోటి ఉంటుంది, ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువు. చూడటానికి ఒకే గ్రంథి, నిజానికి లోపల రెండు వేర్వేరు గ్రంథులు కలిసి ఉంటాయి. పైన పసుపు రంగులో ఉండేది కార్టెక్స్. కార్టిసాల్, ఆల్డోస్టిరాన్, కొన్ని పురుష హార్మోన్లు అక్కడ తయారవుతాయి. లోపల ఉండేది మెడుల్లా. అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అక్కడివి. పిండం దశలో ఈ రెండూ పుట్టే చోట్లే వేరు. మెడుల్లా కణాలు నరాల మూలకణాల నుంచి వలస వచ్చి, కార్టెక్స్ మధ్యలో స్థిరపడతాయి. ఆ తర్వాత కూడా వాటి మధ్య సంబంధం తెగదు. రక్తం కార్టెక్స్ నుంచి లోపలికి పారుతుంది. దాంతో వచ్చే కార్టిసాల్ సాయంతోనే మెడుల్లా నార్ అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మారుస్తుంది.

మీ అక్కయ్యకు వచ్చిన ఫియోక్రోమోసైటోమా మెడుల్లా గడ్డ. అడినోమా కార్టెక్స్ గడ్డ. కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకటి పాకలేదు. పాకితే రెండు చోట్లా ఒకే రకం కణాలు ఉండాలి. ఇక్కడ కణాలే వేరు. ఆ విషయం పాథాలజిస్టు ఊహించి రాసింది కాదు. గ్రంథిని కోయగానే చాలావరకు కంటికే తెలుస్తుంది. అడినోమా కొవ్వు నిండి బంగారు పసుపు రంగులో ఉంటుంది. ఫియోక్రోమోసైటోమా బూడిద, గోధుమ రంగులు కలిసి, అక్కడక్కడా రక్తం చిమ్మినట్టు కనిపిస్తుంది. తర్వాత స్టెయిన్లు, అంటే కణాల రకాన్ని గుర్తుపట్టే రంగులు వేస్తారు. క్రోమోగ్రానిన్ అనే స్టెయిన్ ఫియోక్రోమోసైటోమాకు పడుతుంది, అడినోమాకు పడదు. ఇన్హిబిన్, మెలాన్-ఏ, ఎస్ఎఫ్-1 అనేవి కార్టెక్స్ కణాలను పట్టిస్తాయి. సినాప్టోఫిజిన్ అనే ఇంకో స్టెయిన్ రెండింటికీ పడే అవకాశం ఉంది, కాబట్టి అది ఒక్కటే చూసి తేల్చకూడదు. మీ రిపోర్టులో ఏయే స్టెయిన్లు వేశారో రాసి ఉంటుంది, చూడండి.

ఇలా రెండు గడ్డలు ఒకే గ్రంథిలో కనిపించినప్పుడు డాక్టర్లు రెండు రకాలుగా చెబుతారు. ఒకే గోడకు ఇటొక కాపురం, అటొక కాపురం ఉన్నట్టు రెండూ పక్కపక్కనే ఉండి, మధ్య హద్దు స్పష్టంగా ఉంటే కొలిజన్ ట్యూమర్ అంటారు. రెండు రకాల కణాలూ ఒకే గడ్డలో కలగలిసిపోయి ఉంటే మిక్స్‌డ్ కార్టికోమెడుల్లరీ ట్యూమర్ అంటారు. ఈ కలగలిసిన రకాన్ని 1969లో ఒక వైద్య పత్రికలో వర్ణించారు. కుషింగ్ సిండ్రోమ్ (కార్టిసాల్ ఎక్కువై వచ్చే జబ్బు), దాంతోపాటు ఒక్కసారిగా ఎగసే బీపీ ఉన్న రోగిలో అది బయటపడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇది చాలా అరుదుగానే కనిపిస్తోంది. మీరు రాసినదాన్ని బట్టి అక్కయ్యది మొదటి రకం. అడ్రినల్‌లో రెండు గడ్డలు కలిసి ఉండటమే వింత కాదు. అడినోమా పక్కనే మైలోలిపోమా అనే కొవ్వుగడ్డ ఉండటం అంతకంటే ఎక్కువగా చూస్తాం. వేరే ఏ కారణానికో స్కాన్ తీయించుకున్న పెద్దవాళ్లలో ప్రతి వందమందిలో కొందరికి అడ్రినల్ గడ్డ అనుకోకుండా బయటపడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. వాటిలో ఎక్కువ భాగం అడినోమాలే. కాబట్టి అరుదైన ఫియోక్రోమోసైటోమా వచ్చిన గ్రంథిలోనే మామూలుగా వచ్చే అడినోమా కూడా ఉండటం జరగగలిగిన విషయమే.

అయితే ఆ అడినోమా ఊరికే ఉందా, కార్టిసాల్ తయారు చేస్తోందా అన్నదే ఇక్కడ అసలు సంగతి. చిన్న అడినోమా కూడా రోజూ కాస్త కాస్త ఎక్కువ కార్టిసాల్ వదులుతుంటే మెదడులోని పిట్యూటరీ గ్రంథి, సరిపడా ఉందిలే అనుకుని ఏసీటీహెచ్ పంపడం తగ్గించేస్తుంది. ఏసీటీహెచ్ అందక రెండో వైపు అడ్రినల్ క్రమంగా సన్నబడి నిద్రాణమైపోతుంది. మొహం గుండ్రంగా మారడం, పొట్ట మీద ఊదారంగు చారలు లాంటి కుషింగ్ లక్షణాలు పైకి కనిపించకపోవచ్చు. బీపీ, షుగర్, బరువు, ఎముకల బలం మీద మాత్రం దాని ప్రభావం పడుతూనే ఉంటుంది. ఆ గడ్డ ఉన్న గ్రంథిని తీసేసిన రోజున మిగిలిన గ్రంథి లేచి పని అందుకోవాలి. చాలామందిలో వెంటనే లేవదు. మీ అక్కయ్యకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ముందే ఎందుకు చూడలేదు అని మీకు కోపం రావచ్చు. అడ్రినల్ గడ్డ కనిపిస్తే కార్టిసాల్ కూడా చూడాలన్నది పద్ధతే. రాత్రి 1 మి.గ్రా. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, మర్నాడు ఉదయం కార్టిసాల్ కొలుస్తారు. 1.8 మైక్రోగ్రాములు దాటితే గడ్డ సొంతంగా కార్టిసాల్ చేస్తోందేమో అని ఆలోచిస్తారు. కానీ ఫియోక్రోమోసైటోమా ఉందని తేలిపోయిన మనిషిలో బీపీకి, షుగర్‌కు, చెమటలకు అన్నింటికీ కారణం అదే అనిపిస్తుంది. స్కాన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు గడ్డలు ఒకే ఎగుడుదిగుడు గడ్డలా కనిపిస్తాయి. పైగా ఫియోక్రోమోసైటోమా ఉన్నవాళ్లకు స్టెరాయిడ్లు, ముఖ్యంగా పెద్ద డోసులు ఇస్తే బీపీ ప్రమాదకరంగా ఎగసే వీలుంది కాబట్టి డాక్టర్లు వెనకాడతారు. ఒక జబ్బు దొరికాక రెండోదాన్ని వెతకడం ఆపేయడం ఎలా జరుగుతుందో నాకు అర్థమవుతుంది. అయినా ఆపకూడదనే అంటాను. మరీ ముఖ్యంగా రెండు సాంద్రతలు ఒకే గడ్డలో కనిపించినప్పుడు, అంటే సీటీలో ఒక భాగం 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు (సీటీలో సాంద్రత కొలత; కొవ్వు ఎక్కువుంటే ఈ అంకె తగ్గుతుంది) లోపు, ఇంకో భాగం చాలా ఎక్కువ ఉన్నప్పుడు, రెండు భాగాలకూ వేర్వేరుగా జవాబు రాబట్టాలి.

దీనికి తలకిందులుగా జరిగితే ఇంకా ప్రమాదం. కొవ్వు నిండిన భాగం చూసి, ఇది అడినోమాయేలే అనుకుని పక్కనున్న ఫియోక్రోమోసైటోమాను వదిలేస్తే, ఆల్ఫా బ్లాకర్ లేకుండా మత్తు ఇచ్చిన టేబుల్ మీదే బీపీ అదుపు తప్పుతుంది. సూది గుచ్చి బయాప్సీ చేసినా అంతే. ఇంట్లో ఎవరికైనా అడ్రినల్ గడ్డ ఉండి, ఆపరేషనో బయాప్సీయో చేద్దామంటే, ముందు మెటానెఫ్రిన్ పరీక్ష (అడ్రినలిన్ విరిగి ఏర్పడే పదార్థాన్ని కొలిచి ఫియోక్రోమోసైటోమాను పట్టే పరీక్ష) అయిందా అని అడగండి. గడ్డ మొత్తం ఒకే తీరుగా 10 యూనిట్లకు లోపే ఉంటే ఆ పరీక్ష అక్కర్లేదని డాక్టర్ చెప్పవచ్చు. సగం మాత్రమే అలా ఉంటే ఆ మాట చెల్లదు. మీ అక్కయ్య విషయంలో ఈ భాగం సరిగ్గానే జరిగింది. ఫియోక్రోమోసైటోమాను ముందే పట్టుకున్నారు, రెండు వారాలు మందుతో సిద్ధం చేసి మరీ ఆపరేషన్ చేశారు. ఆవిడ క్షేమంగా ఇంటికి రావడానికి అది పెద్ద కారణం.

ఇంకొక అవకాశం కూడా మీ డాక్టర్ చూస్తారు. అరుదుగా ఫియోక్రోమోసైటోమానే ఏసీటీహెచ్ తయారు చేసి, కార్టెక్స్‌ను పరుగెత్తిస్తుంది. అప్పుడు రెండు అడ్రినల్స్ కూడా ఉబ్బుతాయి. అలాంటి గడ్డ తీసేశాక కూడా పిట్యూటరీ తేరుకునేదాకా కార్టిసాల్ లోపం రావచ్చు. ఆపరేషన్‌కు ముందు ఏసీటీహెచ్ చూసి ఉంటే సులువుగా తేలేది. ఇప్పుడైనా దారులున్నాయి. పాత సీటీ తీసి కుడివైపు గ్రంథి సన్నగా ఉందా, మందంగా ఉందా చూడమని రేడియాలజిస్టును అడగవచ్చు. పాథాలజీ ల్యాబులో దాచిన ముక్కలో గడ్డ పక్కనున్న మామూలు కార్టెక్స్ ఎండిపోయినట్టు ఉంటే కార్టిసాల్ చేసింది అడినోమాయే అనడానికి అది మంచి ఆధారం. అవసరమైతే ఆ ముక్కకే ఏసీటీహెచ్ స్టెయిన్ కూడా వేయవచ్చు. అందుకే స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన గడ్డ ముక్కలు) ఎక్కడున్నాయో కనుక్కుని ఉంచండి.

కార్టిసాల్ లోపమే అని తేలితే మందు హైడ్రోకార్టిసోన్ మాత్ర. సాధారణంగా రోజుకు మొత్తం 15 నుంచి 25 మి.గ్రా., రెండు మూడు భాగాలుగా ఇస్తారు. మొదటి డోసు నిద్ర లేవగానే, అదే అన్నిటికంటే పెద్దది. వేసుకున్న ఒకటి రెండు రోజుల్లోనే వికారం తగ్గి, మనిషి లేచి కూర్చోవడం మీరు చూడవచ్చు. ఒళ్లు నొప్పులు, దిగులు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎక్కువ కార్టిసాల్‌కు అలవాటు పడ్డ శరీరం మామూలు మోతాదుకు దిగుతున్నప్పుడు అలా ఉంటుంది. ఆవిడ బద్ధకిస్తున్నారని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. నిద్రపోయిన గ్రంథి లేవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. అందాకా మాత్ర ఒక్కపూట కూడా మానకూడదు. జ్వరం వస్తే డోసు రెండింతలో మూడింతలో చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడాలి. ఈ సంగతి రాసిన కార్డు ఆవిడ పర్సులో ఉండాలి. ఉప్పు నిలిపే ఆల్డోస్టిరాన్ గురించి మామూలుగా కంగారు అక్కర్లేదు. దాన్ని ఎక్కువగా నడిపేది మూత్రపిండం నుంచి వచ్చే రెనిన్, అందుకే మిగిలిన గ్రంథి ఆ పని చేసుకుంటూనే ఉంటుంది. కుడి గ్రంథి కోలుకున్నాక అదొక్కటే జీవితాంతం సరిపోతుంది. వీలు చూసుకుని ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించండి.

క్యాన్సరా అని అడిగారు. అడినోమా క్యాన్సర్ కాదు. ఫియోక్రోమోసైటోమా విషయంలో జవాబు కాస్త వివరంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 వర్గీకరణ నుంచి వీటిని మంచివి, చెడ్డవి అని విడదీయడం మానేశారు. మైక్రోస్కోపులో చూసి, ఇది ఎప్పటికీ పాకదు అని ఎవరూ రాసివ్వలేరు కాబట్టి అన్నింటికీ ఎంతో కొంత అవకాశం ఉందనే లెక్క వేస్తారు. చాలామందికి అది మళ్లీ రాదు. 5 సెం.మీ. దాటిన గడ్డ, అడ్రినల్ బయట పుట్టిన గడ్డ, ఎస్‌డీహెచ్‌బీ అనే జన్యువులో మార్పు ఉంటే అనుమానం ఎక్కువ. అక్కయ్య గడ్డ రెండూ కలిపే 4.5 సెం.మీ., అది అడ్రినల్‌లోనే ఉంది. ఈ రెండూ ఊరటనిచ్చే విషయాలే. అయినా ఆపరేషన్ తర్వాత రెండు నుంచి ఆరు వారాల మధ్య మెటానెఫ్రిన్ మళ్లీ చూడాలి, తర్వాత ఏడాదికోసారి, కనీసం పదేళ్లు. జన్యు మార్పు దొరికితే జీవితాంతం. ఇప్పుడున్న ఈ అస్వస్థతలో తీస్తే అంకె ఊరికే ఎక్కువ రావచ్చు, కాబట్టి ముందు ఆవిడ కుదుటపడనివ్వండి. రక్తం తీసే ముందు 20 నుంచి 30 నిమిషాలు పడుకోబెట్టాలి. కూర్చోబెట్టి తీస్తే కూడా తప్పుడు అంకె రావచ్చు. కొన్ని డిప్రెషన్ మందులు కూడా దాన్ని పెంచుతాయి, వాడుతుంటే ల్యాబులో చెప్పాలి.

చివరిగా పిల్లలు, మీరు. రెండు గడ్డలు కలిసి రావడం వంశపారంపర్యానికి రుజువు కాదు. కానీ ఫియోక్రోమోసైటోమా వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఉంటుంది, ఇంట్లో ఇంకెవరికీ ఆ జబ్బు లేకపోయినా సరే. రెట్, వీహెచ్ఎల్, ఎన్ఎఫ్1, ఎస్‌డీహెచ్ కుటుంబం జన్యువులు వాటిలో ముఖ్యమైనవి. అందుకే ఈ గడ్డ వచ్చిన ప్రతి ఒక్కరికీ జన్యు పరీక్ష గురించి చెప్పాలన్నది ఇప్పటి వైద్య సలహా. ముందు అక్కయ్యకే చేయించండి. ఆవిడలో మార్పు ఏమీ లేకపోతే పిల్లలకు సూది గుచ్చే పనే ఉండదు. దొరికితే సాధారణంగా ఒక్కొక్క బిడ్డకూ అది వచ్చి ఉండే అవకాశం సగం. తోబుట్టువైన మీకూ దాదాపు అంతే. అప్పుడు ఆ ఒక్క మార్పు కోసమే అందరూ పరీక్ష చేయించుకుంటే చాలు. కొన్ని మార్పుల్లో థైరాయిడ్, మూత్రపిండాలు, కళ్లు కూడా చూడాల్సి వస్తుంది, ఏ జన్యువో తెలిశాక జెనెటిక్ కౌన్సెలర్ వివరంగా చెబుతారు. అందాకా మీకు, పిల్లలకు స్కాన్లేమీ అక్కర్లేదు. మీరు బీపీ ఒకసారి చూపించుకోండి. అక్కయ్యకు వచ్చినట్టు దడ, తలనొప్పి, చెమటలు మూడూ కలిసి మీలో ఎవరికైనా వస్తుంటే మాత్రం జన్యు పరీక్ష కోసం ఆగకుండా మెటానెఫ్రిన్ చేయించండి.